గోడలో గోనె పీలికలు

మా వెనక వీధిలో ఒక పాత ఇంటికి మరమ్మతు చేస్తున్నారు. తిరుపతిలో ఇప్పుడు సున్నపు గార పని చేయించేవాళ్లు ఎవరున్నారు, అంతా సిమెంటూ పుట్టీనే. ఆ ఇంటివాళ్లకు మాత్రం పాతదంటే ప్రాణం కాబోలు, వీధిలోనే తొట్టి కట్టి సున్నం నానేశారు. మొన్న పొద్దున బట్టలు ఆరేయడానికి మేడెక్కితే ఆ వాసన వచ్చి ముక్కుకు తగిలింది. తడిసిన సున్నపు ఘాటు, దానిమీద నానిన కరక్కాయ వగరు, అన్నిటికీ అడుగున బెల్లం తీపి. పిండిన చీర చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. కళ్లు చెమర్చాయి. సున్నం ఘాటుకు అని చెప్పుకోవచ్చు గానీ, మేడ మీద ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? నాకు మా మామ గుర్తొచ్చాడు.

మామ అంటే నా భర్త తండ్రి, మునిరత్నం. చిత్తూరులో బెల్లం మండీ నడిపేవాడు. పొట్టిగా, గుండ్రంగా, చెవుల్లో వెంట్రుకలతో, ఎప్పుడూ దేనిమీదో ఒకదానిమీద చిరాకు పడుతూ ఉండే మనిషి. మండీ నుంచి వచ్చి చొక్కా విప్పి దండెం మీద వేస్తే కాసేపటికల్లా దానికి చీమలు పట్టేవి. ఊరంతటికీ తీపి అమ్మే ఆయనకు చక్కెర జబ్బు. డాక్టరు వద్దన్న ప్రతిదీ తిని, తినలేదని మా అత్త రాజమ్మ ముందు దేవుడి మీద ఒట్టు పెట్టేవాడు. మీసం మీద బెల్లం పొడి అట్లాగే ఉండేది. ఆయన నోట ఎప్పుడూ నిజమే వచ్చేదని నేను అనను. అనకపోవడమే మంచిది, ఎందుకంటే ఆయన చెప్పిన ఒక్క నిజం మీద నా జీవితమంతా నిలబడింది.

నా పెళ్లి డెబ్భైల చివర్లో. మాది ఐరాల దగ్గర పల్లె. నాయన చెరకు పండించేవాడు, బెల్లం వండి మునిరత్నం మామ మండీకే తోలేవాడు. ఆ పరిచయంతోనే సంబంధం కలిసింది. మా వైపు ఒక ఆనవాయితీ ఉండేది. మాటలు ఖాయం చేసుకునే ముందు పిల్ల తరఫువాళ్లు పిల్లవాడి ఇల్లు చూడడానికి పోతారు, పిల్లవాడి తరఫువాళ్లు పిల్ల ఇంటికి వచ్చి పొలమూ పుట్రా, గొడ్డూ గోదా చూస్తారు. రెండుచోట్లా వడలూ పాయసాలూ ఉంటాయి కాబట్టి ఎవరూ ఏదీ సరిగ్గా చూడరనుకోండి. నాయన చిత్తూరు పోయివచ్చి, "ఇల్లు పాలనురుగు మాదిరి ఉండాది. గోడ మింద యాడ సూసినా మచ్చ లేదు," అన్నాడు. అమ్మ ఆ మాట ఊళ్లో కనబడిన వాళ్లకల్లా చెప్పుకుని మురిసిపోయింది.

వైశాఖంలో ఆ ఇంట్లో అడుగుపెట్టాను. వేసవి గడిచింది. తర్వాత తుపాను వానలు పట్టుకున్నాయి. ఆ వానల్లో ఒక పొద్దున వీధి వాకిలి పైన, ద్వారబంధం పైమూల నుంచి పిట్టగోడ దాకా, తడిసిన నల్లగీత ఒకటి కనబడింది. వాన కురిసేకొద్దీ గీత పగులైంది, పగులు చుట్టూ గార పెచ్చులుగా ఊడింది. కష్టాలు ఒంటరిగా రావంటారు కదా, ఆ వారంలోనే మండీ కప్పు కారి బెల్లం దిమ్మెలు కరిగి పాకమయ్యాయి. మా అత్తకు పచ్చకామెర్లు తగిలాయి. ఆమె చెడ్డ మనిషి కాదు. నాకు తల దువ్వి పూలు పెట్టిన మనిషే. కానీ మంచం పట్టాక ఆమె చూపు నా మీద పడి, నేను చూసేసరికి పక్కకు తప్పుకోవడం మొదలైంది.

ఆమెను చూడడానికి మామ అక్క కాంతమ్మ తమిళదేశం వైపు నుంచి వచ్చింది. పెద్ద ముత్తైదువ, మాట కత్తి. చెప్పులు విడవకముందే ఆమె కన్ను గోడ మీద పడింది.

"ఏమి రాజమ్మా, ఈ బీట ఎప్పుడు పడింది?"

"పాత బీటే వదినా," అంది అత్త నీరసంగా. "పెళ్లి మాటలకు ముందు మేస్త్రీని పిలిచి గార పెట్టించినాడు మీ తమ్ముడు. అయినా మళ్లా పగిలింది."

"బాగుచేసిన గోడ పగిలిందంటే ఊరికేనా? ఈ ఏడు ఇంట్లోకి కొత్తగా వచ్చింది ఏందో ఆలోచన చెయ్."

నేను కాఫీ లోటాలతో గుమ్మంలో ఉన్నాను. ఆ పూట నుంచి ఇంట్లో మాట నడిచింది: కోడల్ని కొన్నాళ్లు పుట్టింటికి పంపుదాం, మంచి కాలం వచ్చినాక పిలిపించుకుందాం. వినడానికి మెత్తగానే ఉంటుంది. కానీ మా పక్క పల్లెలో ఒకామె అట్లాగే 'కొన్నాళ్లకు' పుట్టింటికి వచ్చింది. నా చిన్నతనం నుంచి ఆమె అన్న ఇంట్లో పిండి రుబ్బుతూనే ఉంది, ఆ మంచి కాలం రానే లేదు. నాకు ఆమె ముఖమే కళ్లముందు ఆడింది. నా భర్త మంచివాడే గానీ పెద్దల ముందు నోరు పెగలని వయసు. అడిగితే "చూద్దాం" అనేవాడు. చూద్దాం అనేవాళ్లు చూస్తూనే ఉంటారు. ఇక మామ అయితే ఒక్క మాటా అనలేదు. మండీకి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి తలెత్తి ఆ పగులు వైపు చూసి, గొంతు సవరించుకుని లోపలికి వచ్చేవాడు. ఆయనకూ అదే అభిప్రాయమని అనుకున్నాను.

కబురు పెడితే నాయన వచ్చాడు. పాపం, సంగతి తెలియక గంపెడు అనపకాయలు మోసుకొచ్చాడు. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. నేను తలుపు వెనక నిలబడ్డాను. కాంతమ్మే మాట ఎత్తింది.

"ఏమప్పా, బిడ్డను కొన్ని నెలలు నీ దగ్గిర పెట్టుకో. కాలం బాగలేదు."

"నా బిడ్డ తప్పేమన్నా చేసిందా?"

"తప్పు కాదప్పా, వేళ. ఆ పిల్ల కాలు పెట్టిన వేళ మంచిది కాదు. మేము చెప్పేదేముండాది, గోడే చెప్తా ఉండాది సూడు."

నాయన గోడ వైపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. ఊళ్లో పంచాయతీల్లో నలుగురి నోళ్లు మూయించే మనిషి. కూతుర్నిచ్చిన ఇంట్లో మాత్రం మాట రాలేదు. తలుపు సందులోంచి ఆ తువ్వాలు చూస్తూ నేను చచ్చిపోయాననే చెప్పాలి.

అప్పుడు మామ లేచి లోపలికి పోయాడు. చొక్కా వేసుకుని మండీకి పోతాడేమో అనుకున్నాను. కొబ్బరికాయలు కొట్టే మచ్చుకత్తితో బయటికి వచ్చాడు. అరుగు మీదికెక్కి, కత్తి మొన పగుల్లో దోపి ఒక్క గుంజు గుంజాడు. గార పెళ్ల ఊడి కాంతమ్మ కాళ్ల దగ్గర పడింది. ఆమె కేక పెట్టి వెనక్కి జరిగింది. మామ పగుల్లోకి వేళ్లు పెట్టి ఏదో లాగడం మొదలుపెట్టాడు. సున్నం పట్టి బిరుసెక్కిన గోనె పీలిక బయటికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. గారడీవాడు నోట్లోంచి గుడ్డలు లాగినట్టు గోడలోంచి గోనె వస్తూనే ఉంది.

"ఏందిరా అది?" అంది కాంతమ్మ.

"గోనె. మన మండీదే. సూడు, ముద్ర కూడా ఉండాది." మామ పీలికలు పట్టుకుని నాయన వైపు తిరిగాడు. ఆయన ముఖమంతా చెమట. "బావా, మేస్త్రి రాలేదు, గార పెట్టలేదు. వానలు పోయి గోడ ఎండితేనే పెడ్తానన్నాడు వాడు. నువ్వేమో ఇల్లు సూసేదానికి వస్తా అని కబురు పెడితివి. బీట సూస్తే పిల్లనియ్యవేమో అని భయపడినా. వీళ్లందరూ చుట్టాల పెండ్లికని ఊరికి పోయినప్పుడు నేనే గోనె కుక్కి, పైన సున్నం మెత్తి, మేస్త్రి చేసినాడని చెప్పినా. ఈ పిల్ల వచ్చినాక పగిలిన గోడ కాదిది. ఈ పిల్లకు కనపడకుండా నేను దాచిపెట్టిన గోడ."

వీధిలో పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగారు. "నాతో గూడా చెప్పలేదే మీరు!" అంది అత్త. మామ నాయన ముఖమే చూస్తూ నిలబడ్డాడు. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. మోసం చేశారని లేచి నన్ను తీసుకుని పోయినా పోగలడు, అందులో న్యాయం కూడా ఉంది.

"బావా," అన్నాడు నాయన నెమ్మదిగా, "మీరు మా ఇంటికి వచ్చిన దినం కొట్టంలో రెండు సీమావులు కట్టేసి ఉండె. గుర్తుండాయా?"

"ఉండకేమి. పాలకు కొదవలేదు అనుకుంటి."

"అవి పక్కింటి మునెయ్యవి."

మామ ఒక క్షణం బిత్తరపోయి చూశాడు. తర్వాత ఆయన పొట్ట కదిలింది. తర్వాత మనిషంతా కదిలాడు. గోనె పీలికలు చేతిలో పట్టుకుని అరుగు మీద కూలబడి నవ్వాడు. నాయన కూడా నవ్వాడు. కామెర్లతో కళ్లు పచ్చబడి ఉన్న మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాంతమ్మ మాత్రం నవ్వలేదు. "నాకేమప్పా, మీ ఇల్లు మీ ఇష్టం," అని మర్నాడే బస్సెక్కింది. నవ్వేవాళ్ల మధ్య ఏడవడానికి సిగ్గేసి నేను వంటింట్లోకి పోయి అనపకాయలు ఒలుస్తూ కూర్చున్నాను. కాసేపటికి అత్త గోడ పట్టుకుని నడిచి వచ్చి నా పక్కన కూర్చుని, తనూ ఒలవడం మొదలుపెట్టింది. ఆ పూట నా విస్తట్లో ముందు వడ్డించింది.

వానలు తగ్గాక ఏకాంబరం అనే తాపీమేస్త్రి వచ్చాడు. అప్పటికి సంగతి బజారంతా పాకింది. "మునిరత్నం, గోనెలు సాలునా, ఇంకా రెండు పంపించాల్నా?" అని పక్క మండీవాళ్లు ఆటపట్టించేవాళ్లు. ఆయన వాళ్లను నానా తిట్లూ తిట్టేవాడు. ఏకాంబరం ఉలితో పగులు రెండు అంచులూ చెక్కి అరచెయ్యంత వెడల్పు చేసేసరికి మామకు గుండె జారింది. "బాగు చెయ్యమంటే పగలగొడ్తావేందయ్యా?" అని అరిచాడు. "గట్టి గోడ తగిలేదాకా చెక్కాల. లేదంటే పట్టదు. పైపైన మెత్తేది ఒకసారి అయింది గదా," అన్నాడు మేస్త్రి. ఒకరు మూయిస్తే మామ నోరు మూసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. సున్నం, ఇసుక, నానబెట్టిన కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి గార తయారుచేశారు. నల్లబెల్లం మడ్డి చాలని మేస్త్రి చెప్పినా వినకుండా మామ మండీలో ఉన్న మేలైన దిమ్మె తెచ్చాడు. ఫలితంగా మా వీధి గోడకు చీమలు బారులు తీరాయి. చాలారోజులపాటు మా ఇంట్లోకి రావాలంటే చీమల్ని దాటి రావలసి వచ్చింది.

కొత్త గార ఆరిపోకుండా పొద్దునా సాయంత్రం గోడకు నీళ్లు పట్టాలి. మామ ఎదుట కోడలు నిలబడని రోజులవి. ఆయన స్టూలెక్కి, "అమ్మణ్ణీ, ఆ చెంబు ఇట్లా అందీ," అన్నాడు. అందించాను. మర్నాడూ పిలిచాడు. అత్త కిటికీలోంచి చూసి కూడా ఏమీ అనలేదు. అట్లా నీళ్ల చెంబు చేతులు మారుతుండగా ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"మామా, మీరు చెప్పకుండా ఉంటే ఎవురికీ తెలిసేది కాదు గదా?"

"నాకు తెలుసు గదమ్మా," అన్నాడు గోడ వైపే చూస్తూ. "దినామూ నేను చెప్పులు విడిచేది ఆ పగులు కిందనే." ఖాళీ చెంబు నాకిచ్చి, "మీ నాయన ఆ తువ్వాలు మడత పెడతా ఉంటే సూడలేకపోయినా," అన్నాడు. అంతటితో ఆపితే ఆయన మునిరత్నం ఎట్లా అవుతాడు? "ఇంకోటి, నువ్వు పోతే నాకు మళ్లా మీ అత్త చారే గతి," అని గొణిగాడు. లోపలి నుంచి అత్త, "వినపడతా ఉండాది," అంది.

ఆ తర్వాత ఆయన మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. మిఠాయి అంగట్లో దొరికిపోతూనే ఉన్నాడు, ఒట్లు పెడుతూనే ఉన్నాడు. నాకు నీతులేమీ చెప్పలేదు. కానీ ఇంట్లో ఏది పగిలినా, ఏది పోయినా, "అది నేనే" అనడానికి ఆ ఇంట్లో భయం పోయింది. పాలు పొంగిపోతే నేను చెప్పగలిగాను. మండీలో నష్టం వస్తే నా భర్త చెప్పగలిగాడు. ఒక నేరం ఎవరి తలమీద వేయాలా అని వెతకని ఇంట్లో బతకడం ఎంత సుఖమో, అట్లా వెతికే ఇళ్లలో పడ్డ నా ఈడు ఆడవాళ్లను చూస్తే తెలిసేది. ఆ సుఖం నాకు పుట్టింటివాళ్లిచ్చింది కాదు, మామ ఇచ్చింది. ఎనభైల చివర్లో ఆయన పోయాడు. కన్నతండ్రి పోయినప్పుడు ఏడ్చినంత ఏడ్చాను.

నా కొడుక్కి సంబంధం చూసినప్పుడు పిల్ల తండ్రిని పెరట్లోకి తీసుకుపోయి, "మా బోరు బురద కక్కుతా ఉండాది, ఎండాకాలం దాటుతుందో లేదో," అని చెప్పాను. అవన్నీ ఇప్పుడెందుకమ్మా అని కొడుకు విసుక్కున్నాడు. అనుకున్నట్టే, హేమ కాపురానికి వచ్చిన రెండో నెలలో బోరు ఎండిపోయింది. చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ హాల్లో కూర్చుని, "కొత్త కోడలు వచ్చిందో లేదో, గంగమ్మ అలిగింది చూడండి," అంది. హేమ మంచినీళ్ల గ్లాసులతో వస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది.

"గంగమ్మ అలిగి ఏడాది దాటింది," అన్నాను. "ఈ పిల్ల వాళ్ల నాయనకు పెండ్లికి ముందే చెప్పినా. పిల్లనిచ్చేదానికి ఆయన భయపడలేదు, నీకేమి భయం?"

ఆవిడ ముఖం ఎట్లా మారిందో నేను చూడలేదు. హేమనే చూస్తున్నాను. ముందు ఆ పిల్ల భుజాలు దిగాయి, తర్వాత పెదవులు వదులయ్యాయి, తర్వాత గ్లాసులు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. నలభై ఏళ్లకు పైగా, ఆ రోజు మామ నాకు మేలు చేశాడనే అనుకుంటూ వచ్చాను. దాచిన నిజం చెప్పేసిన ఆ పూట ఆయనకు కూడా అన్నం ఎంత రుచిగా ఉండి ఉంటుందో హేమ ముఖం చూశాకే తెలిసింది.