సెంగ్ కత్తి, నా కడుపుమంట

ఎవడు తీసిన గోతిలో వాడే పడతాడంటారు. నేను గొయ్యి తీసే శ్రమ కూడా పడలేదు. నా పరువు తీసే కత్తిని నేనే మోసుకొచ్చి నిలబెట్టాను. మలయాకి స్వాతంత్ర్యం వచ్చిన సంబరంలో మానం పోగొట్టుకున్న తెలివితక్కువవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో నేను గుమాస్తాని. మావయ్య కూతురు పైడమ్మని నాకే ఇస్తారని చుట్టాలందరికీ తెలుసు, మావయ్యకి తప్ప. ఎప్పుడడిగినా "సూద్దాంలే" అనేవాడు. ఈలోగా పట్నంలో కిరాణాకొట్టు నడిపే చీనా కుర్రాడు సెంగ్ మధ్యలో దిగాడు. దిగినట్టు పాపం అతనికే తెలీదు. అతను చేసిన నేరమల్లా క్వాన్ దావ్ తిప్పడం.

క్వాన్ దావ్ అంటే మనిషికన్నా పొడుగు కర్ర, దాని కొసన నెలవంకలాంటి వెడల్పాటి కత్తి. పూర్వం చీనాలో ఒక సేనాపతి గుర్రం మీంచి తిప్పాడట. పోయాక ఆయన దేవుడయ్యాడు, కత్తి గుడికెక్కింది. కమ్యూనిస్టుల తిరుగుబాటని తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీలో అలాంటిది పట్టుకుని వీధిలోకొస్తే పోలీసులు ఊరుకుంటారా? చీనా గుడి మూలనే పడుండి, మెర్దెకా అనే ఆ స్వాతంత్ర్య సంబరానికి అనుమతి దొరికాక బయటికొచ్చింది. సాధన చూసొచ్చిన పైడమ్మ, "బావా, సెంగ్ తిప్పుతుంటే గాలి కూడా పక్కకి తప్పుకుంతాది లా" అంది, మలయావాళ్ళలా మాట చివర "లా" తగిలించి.

గాలి తప్పుకుంది. నేను తప్పుకోలేదు. అక్కడే చెడింది.

"మా తాత ఇజీనారంలో కర్రసాము సేసినాడు. ఇదేటి గొప్ప?" అన్నాను.

"తాత సేసినాడు. నువ్వేటి సేసినావు?"

ఆ మాటకి నేను చేసింది ఇదీ. గుడిలో క్వాన్ దావ్‌లు రెండున్నాయని అక్కడి ముసలాయన చెప్పాడు. తేలికది ఆటకి. బరువుదానితో ఎవరూ యుద్ధం చెయ్యలేదట. సైన్యంలో చేరడానికొచ్చినవాళ్ళ బలం చూడ్డానికి దాన్ని ఎత్తించేవారట. ఉద్యోగప్పరీక్ష అన్నమాట. రెండింటి కత్తులకీ ఎర్రగుడ్డ చుట్టుంది. సంబరం నాటి పొద్దున్నే తేలికదాన్ని బల్ల కిందకి తోసి, బరువుదాన్ని ఈడ్చుకొచ్చి దాని చోట ఆనించాను. పరీక్షలో నా నడుం అప్పుడే తప్పింది.

మైదానంలో ముందు వరసలో మావయ్య, పక్కన పైడమ్మ, వెనక నేను. సెంగ్ కుర్రాళ్ళిద్దరు కత్తిని మోసుకొచ్చి నేలమీద పెట్టారు. సెంగ్ దానికి దణ్ణం పెట్టి, నన్ను చూసి నవ్వి, మా బజారు తమిళంలో అందరికీ వినబడేలా అన్నాడు: "మా అన్న వాళ్ళ తాత కర్ర తిప్పడంలో వీరుడట, పైడమ్మ చెప్పింది. మెర్దెకా అందరిదీ కదా, మొదట అన్నే తిప్పాలి."

మోసుకొచ్చిన ఆ ఇద్దరూ కాక, అంత జనంలో దాని బరువు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెబితే దొంగని, చెప్పకపోతే కూలీని. మణికట్టు నొప్పన్నాను. మావయ్య వెనక్కి తిరిగి, ఏళ్ళ తరబడి నేను విన్న మాటనే అన్నాడు.

"ఎల్లరా. సూద్దాం."

వెళ్ళాను. ఎలాగో భుజం దాకా లేచింది. అక్కణ్ణించి పెత్తనం దానిదే. కత్తి ముందు, ఆవు వెంట దూడలా నేను వెనక. జెండాల తోరణం తెంచుకుని, దాన్ని ఒళ్ళంతా చుట్టుకుని, వాళ్ళ పెద్ద డప్పులో ఒక కాలు దించి ఆగాను. డప్పు అంత పెద్ద చప్పుడు అంతకుముందెన్నడూ చెయ్యలేదట.

సెంగ్ ఒక చేత్తో నన్ను లేపి, రెండో చేత్తో కత్తి అందుకున్నాడు. బరువు తెలిసింది. గుడివైపు చూశాడు, నావైపు చూశాడు. దాన్నే పువ్వులా తిప్పాడు. రోజూ సాధన చేసేది దానితోనేనట! పైడమ్మ చప్పట్లు ఇప్పటికీ నా చెవిలో మోగుతున్నాయి.

ఇక సంబంధం పోయిందనుకుని ఇంటికెళ్ళి ముసుగుతన్నాను. మావయ్యే వచ్చాడు. "పిల్లని నీకే ఇత్తాన్రా. నువ్వు ఎవుల్నీ కొట్టలేవని ఊరంతా సూసింది. దానికింకేటి బయం?"

పెళ్ళికి సెంగ్ కొత్త తెల్లచొక్కాలో వచ్చాడు. పసుపు కొట్టే వేళ ముత్తయిదువలు ఒక పోటు వేసి పక్కకి జరగ్గానే, రోకలి అతని చేతికిచ్చాను. "తమ్ముడూ, మా క్వాన్ దావ్ ఇదే. నీ బలమంతా చూపించు."

చూపించాడు. రోల్లో పసుపంతా లేచి అతని మీదే వాలింది. తల, మీసం, చొక్కా, అంతా పసుపే. పందిరంతా పగలబడి నవ్వింది. నా కడుపుమంట చల్లారింది.

అప్పుడే చూపు ఆనని మా పెద్దమ్మ అక్షింతలతో వచ్చి, నన్ను దాటుకుని సెంగ్ నెత్తిన వేసి, "పెళ్ళికొడుకు బాగున్నాడే, పైడీ" అంది. పైడమ్మ తలవంచుకుని నవ్వింది. తల ఎక్కువే వంచింది.

ఆ రోలు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో సెంగ్ చేతికి కర్ర ఇవ్వను, నా చేత్తో పట్టను. చేతికర్ర పట్టే వయసొచ్చింది. అయినా గోడ పట్టుకునే నడుస్తున్నాను.