అహ్లోన్‌లో నెల ఆలస్యంగా వచ్చిన ఈస్టరు

రంగూను వెళ్లాలన్న కోరిక ఎప్పటిదో గాని, అనుమతి దొరికింది మాత్రం అక్కడ గొడవలు జరిగిన మరుసటి ఏడు. కుర్రాళ్లు వీధుల్లోకి రావడం, సైన్యం కాల్పులు, కర్ఫ్యూ, అన్నీ రేడియోలో విన్నాం. "ఇప్పుడే పోవాలా?" అని ఇంట్లో అందరూ అడ్డుపడ్డారు. కానీ మేనత్త మార్తమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది. తాను కన్నుమూసేలోగా ఒక్కసారి తన తమ్ముడి గుడిలో, తమ్ముడి పక్కన, ప్రభువు బల్లలో, అంటే రాత్రి భోజన సంస్కారంలో, పాలు పొందాలట. తమ్ముడంటే మా ఏబేలు చిన్నాన్న, రంగూనులో అహ్లోన్ పేట తెలుగు సంఘానికి పెద్ద. నేను క్రైస్తవ వేదాంత పాఠశాలలో సంఘచరిత్ర చెబుతాను కాబట్టి నా మాట వింటాడని ఆవిడ ఆశ. మా వంశంలో ఒకరి మాట ఇంకొకరు విన్నట్టు ఏ చరిత్రలోనూ లేదు. అయినా బయల్దేరాను.

వాల్తేరులో సాయంత్రం మెయిలు ఎక్కితే మర్నాడు హౌరా. సోమవారం మధ్యాహ్నం కలకత్తాలో విమానం ఎక్కి, భోజనం పళ్లెం ఖాళీ చేసేలోగా రంగూనులో దిగాను. చిన్నప్పుడు దుకాణాలన్నీ సర్కారువైపోయిన రోజుల్లో, ఓడలో వాంతులు చేసుకుంటూ రోజుల తరబడి వచ్చిన దారి ఇది. వెళ్లేవాళ్లకు ఒక మాట: మందులు, టార్చిలైటు వెంట ఉంచుకోండి, చీకటి పడకముందే గూటికి చేరండి. బర్మా కొత్త సంవత్సరం నీళ్ల పండగ ముందురోజే ముగిసింది. కూడళ్లలో సిపాయిలు, రోడ్ల మీద ఇంకా ఆరని తడి. టాక్సీ అహ్లోన్ చేరగానే నది వైపు నుంచి తవుడు వాసన కొట్టింది. నాన్న భుజాల మీద కూర్చుని బియ్యం మిల్లుల పక్కనుంచి గుడికి పోయిన ఆదివారాలన్నీ ఒక్క పీల్పులో తిరిగొచ్చాయి. కళ్లు తుడుచుకుంటుంటే డ్రైవరు దుమ్మనుకుని అద్దం ఎత్తాడు.

చిన్నాన్న ముసలాడైపోయాడు, గొంతు మాత్రం అదే. నేను తెచ్చిన రొయ్యల పచ్చడి సీసా చూసి పక్కకు నెట్టాడు.

"శ్రమల దినాలు కదమ్మా. ఈస్టరు దాకా నీసు ముట్టం."

"అదేంటి చిన్నాన్నా, ఈస్టరు అయిపోయి నెలవుతోంది!"

"ఎవురికి?" అన్నాడు.

అత్త కబురుకి మూలం అక్కడే ఉంది. ఇండియా నుంచి మిషను వాళ్ల క్యాలెండర్లు రావడం ఆగిపోయాక, గుడిలో పండగ ఎప్పుడో చెప్పే దిక్కు లేకపోయింది. అప్పుడు మా తాత ఒక కట్టడి చేశాడు. పస్కా, అంటే ఈస్టరుకు ఆధారమైన యూదుల పండగ, మొదటి నెల పున్నమికని గ్రంథంలో ఉంది. బర్మావాళ్ల మొదటి నెల తగూ. పున్నమి ఏనాడో ఈ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కాబట్టి తగూ పున్నమిని బట్టి పండగ. అది కొన్నేళ్లు లోకంతో సరిపోయేది, కొన్నేళ్లు నెల వెనకబడేది. నది అవతల తన్లిన్‌లో మనవాళ్లు విదేశీ రేడియో విని లోకంతోపాటు చేసుకోవడం మొదలుపెట్టారు. "రేడియో మాట విని పస్కా మార్చుకున్నోళ్లకి మా బల్ల లేదు" అని తీర్మానించాడు చిన్నాన్న. ఆ అవతలి ఒడ్డున, రిఫైనరీ కార్మికుడి విధవరాలుగా, అత్త ఉండిపోయింది.

బుధవారం పొద్దున మొహింగా తిని, అంటే చేపల పులుసులో సేమ్యా (నాకు శ్రమల దినాలు అయిపోయాయి కదా!), రేవులో లాంచి ఎక్కాను. టిక్కెట్టు మన ఊరి బల్లకట్టు కంటే చవక. పక్కన కూర్చున్న తమలపాకుల అమ్మాయి నా బొట్టులేని నుదురు, చీరకట్టు చూసి నవ్వింది. "ఇండియా నుంచా? మీ మాట అర్తమవుద్ది. తిరిగి సెప్పడం రాదు" అని తెలుగులోనే చెప్పింది.

అత్త చిక్కి సగమైంది. మెట్లు దిగితే ఆయాసం. నేను సంచిలోంచి అచ్చు క్యాలెండరు తీసి, చిన్నాన్న తప్పు రుజువు చేసి పారేస్తానన్నాను. ఆవిడ దాని వైపు చూడనైనా లేదు.

"తప్పెవురిదో తేల్చమని నిన్ను రమ్మన్లేదు పాపా. ఆడి పక్కన కూకుని రొట్టి తినాలి. అంతే."

నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం మోసుకొచ్చిన చదువంతా ఏ గంగలో కలపను?

పొద్దు వాలకముందే అహ్లోన్ చేరాను. చిన్నాన్న ముందు కూర్చుని, మెల్లగానే మొదలుపెట్టాను. యూదులకు మొదటి నెలంటే యవలు పండే నెల. యవలు పచ్చిగా ఉంటే పెద్దలు ఒక నెల అదనంగా కలిపి, పస్కాను వాయిదా వేసేవాళ్లు. బర్మా తగూకీ దానికీ చుట్టరికం లేదు.

"ఇక్కడ యవలేవి?" అన్నాడు.

"లేవు."

"పోనీ, ప్రెబువు సిలవకి ముందు రాత్రి తిన్నాది పస్కాయేనా?"

తల గోక్కున్నాను. మొదటి మూడు సువార్తల్లో ఆ భోజనం పస్కాయే. నాలుగోదాన్ని బట్టి పస్కా గొర్రెల్ని కోసింది మర్నాడు. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుందని లెక్క సర్దేవాళ్లు ఉన్నారు, రెండు రకాల పంచాంగాలు ఉండేవనేవాళ్లూ ఉన్నారు. ఒకటే మాట మీద ఎవరూ నిలబడలేదు.

"అయితే నీకూ తెల్దన్నమాట" అని తృప్తిగా వెనక్కి వాలాడు.

ఉడుక్కోవలసిందే గాని నవ్వొచ్చింది. ఏటా పిల్లలకు చెప్పే పాత కథ ఒకటి చెప్పాను. తూర్పు సంఘాలవాళ్లు యూదుల్లాగే పద్నాలుగో నాటి చంద్రుణ్ణి బట్టి పండగ చేసేవాళ్లు, రోమువాళ్లు ఆదివారం చేసేవాళ్లు. ఆ తగువు తీర్చడానికి తూర్పు నుంచి ఒక పండుముసలి పెద్ద రోముదాకా పోయాడు. ఆయన వీళ్ల మాట వినలేదు, వీళ్లు ఆయన మాట వినలేదు.

"మన ఇంటోళ్లే" అన్నాడు చిన్నాన్న. "మరేటయింది?"

"ఏమీ తేలలేదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. రోము పెద్ద తన స్థానం ఆ ముసలాయనకిచ్చి, మీరే నడిపించండి అన్నాడు."

చిన్నాన్న లేచి వెళ్లి గొడుగు ఎక్కడుందో వెతుక్కున్నాడు. వాన లేదు, ఎండా లేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

గురువారం నేను లేచేసరికి ఇంట్లో లేడు. మధ్యాహ్నం భోజనాలవేళకి వచ్చాడు, అత్తకు గొడుగు పట్టుకుని.

చిన్నాన్న లెక్కన ఆ రోజే ప్రభువు రాత్రి భోజనం. అది రాత్రే చెయ్యాలి గాని కర్ఫ్యూ. నాలుగింటికే గుడి తెరిచారు. "ఎండలో రాత్రి బోజనం, కలికాలం!" అని చిన్నాన్న విసుక్కుంటూనే ఉన్నాడు. గోధుమపిండి దొరక్క బియ్యప్పిండి రొట్టె, ద్రాక్షలు లేక గోగుపూలు కాచిన ఎర్రటి రసం. ఇన్నేళ్లుగా అవే అట. జనం చాలా తక్కువ. మందిరంలో నాకు తెలిసిన బల్లలన్నీ ఉన్నాయి, మనుషులే లేరు.

చిన్నాన్న ప్రార్థన చేసి, రొట్టె పళ్లెం ఎత్తాడు. ఎత్తినవాడు విరవలేదు. రెండడుగులు వేసి అక్క ముందు పెట్టాడు.

"నువ్వే ఇరు, అప్పా."

అత్త కొంగు సర్దుకుని రొట్టె అందుకుంది. విరిచి, మొదటి ముక్క తమ్ముడికే ఇచ్చింది. చిన్నాన్న దాన్ని నోట్లో పెట్టుకోలేక, పసిపిల్లాడిలా నిలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

లాంచి వేళ దాటిపోయింది కనుక అత్త ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఈస్టరు దాకా కదల్లేదు. చిన్నప్పుడు పనసతొన ఎవరు దొంగిలించారన్న తగువులో మాత్రం ఇద్దరూ రాజీ పడలేదు.

సోమవారం ఏడు రోజుల వీసా చెల్లిపోయింది. విమానాశ్రయానికి పోతూ టాక్సీ రేవు దగ్గర ఆపించి అత్తను దింపాం. లాంచి ఎక్కబోతున్న అక్కను చిన్నాన్న వెనక్కి పిలిచాడు.

"వొచ్చీ ఏడు ఆ రేడియో ఏనాడంటాదో కబురెట్టు. నేనొస్తాను. మన పండగ మళ్లీ ఇక్కడ సేసుకుందారి."

అత్త తల ఊపి లాంచి ఎక్కింది.

విమానం నది మీదుగా లేచింది. పాతికేళ్ల కిందట వదిలేసి వచ్చాననుకున్న ఊరు కిటికీలో చిన్నదైపోయింది. ఆ ఏడు నాకు ఈస్టరు రెండుసార్లు వచ్చింది. మొదటిదానికి ఏ చీర కట్టుకున్నానో కూడా గుర్తు లేదు.