రెండో పొయ్యి

మా బావ కౌన్సిల్ హాల్లో మైకులు చూసుకుంటాడు. అక్కడ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన "మైకు". "మైకుని పిలవండి", "మైకు భోంచేశాడా" అంటారు. చిత్రమేమిటంటే, ఆ మైకులో ఆయన ఇన్నేళ్ళలో పలికింది "ఒకటి, రెండు, మూడు" మాత్రమే. నాలుగు అనగా నేనెప్పుడూ వినలేదు.

మనిషి ఉన్నాడో లేడో తడిమి చూసుకోవాల్సినట్టు ఉంటాడు. సన్నగా, కొంచెం వంగి, చొక్కా జేబులో టెస్టరు, చేతికి గాజులా నల్ల టేపు చుట్ట. తిడితే "సరే" అంటాడు, పొగిడినా "సరే" అంటాడు. అలాంటివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ ఈయన మీద మండిపడి లాభం లేదు, తడికట్టె అంటుకోదు.

నేను ఆయన భార్యకి చెల్లెల్ని. మా ఆయన ఇంకో కాపురం వెతుక్కున్నాక, కుట్టుమిషనుతో సహా అక్క ఇంటికి వచ్చేశాను. కిటికీ తెరలు కుడతాను. ఒక్కో తెర నిలువెత్తు గుడ్డ, పరచడానికి మంచమంత బల్ల కావాలి. అక్కావాళ్ళది ఒక హాలు, ఒక పడకగది. వెనక పెరట్లో సామాను గది ఉంటే బావ దానికి సున్నం వేసి, నీళ్ళ గొట్టం లాగి, ఒక మూల పొయ్యి పెట్టి నాకిచ్చాడు. ఇదంతా చేసేటప్పుడు కూడా నోరు విప్పలేదు. అయిపోయాక మాత్రం "ఉండు" అన్నాడు.

ఇక్కడే ఉంది తిరకాసు. మా కాలనీలో ఒక స్థలానికి ఒక ఇల్లు, ఒక ఇంటికి ఒక పొయ్యి. అదీ చట్టం. సామాను గదిలో పొయ్యి వెలిగిందా, అది రెండో ఇల్లు కింద లెక్క, కూడదు. లోకంలో ఎక్కడైనా జనం పోట్లాడుకుని పొయ్యిలు వేరు చేసుకుంటారు. మేం పోట్లాడుకోకుండా ఉండడానికి వేరు పెట్టుకున్నాం. అక్కా నేనూ ఒకే వంటగదిలో నిలబడితే ఉప్పు దగ్గర మొదలై మా అమ్మ ఎవరిని ఎక్కువ ముద్దు చేసిందనే దాకా పోతుంది.

పొయ్యి నాదే అయినా, రాత్రి భోజనానికి నా గిన్నె పట్టుకుని వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళేదాన్ని. వెళ్ళకపోతే జరగదు. ఎందుకంటే అక్కా బావా మాట్లాడుకోరు. గొడవా, అలకా ఏమీ లేవు. ఒకసారి అక్కని నిలదీసి అడిగాను. "ఏముంటాయే మాట్లాడుకోవడానికి" అంది, ఎండలో బట్టలు తిరగేస్తూ. వాడని గిన్నెలు ఒక్కొక్కటే అటక ఎక్కించినట్టు, మాటలు ఒక్కొక్కటే ఎక్కించేసుకున్నారు. చివరికి కింద ఏవీ మిగల్లేదు.

"మీ బావని అడుగు, కూర ఇంకొంచెం వేయమంటాడేమో."

"మీ అక్కకి చెప్పు, చాలని."

ఇద్దరి మధ్య జానెడు బల్ల. నేను పక్కన కూర్చుని అటుదిటూ ఇటుదటూ అందించేదాన్ని. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత కోపం వచ్చేది, ఆ తర్వాత ఏమీ రాలేదు. కానీ నా పుణ్యమా అని ఆ ఇంట్లో పూటకి నాలుగు మాటలు వినిపించేవి. కూర నుంచి వానకీ, వాన నుంచి కారుతున్న పైకప్పుకీ, అక్కడి నుంచి ఎప్పుడో చేసిన ప్రయాణాలకీ పోయేవి. అన్నీ నా మీదుగానే.

ఇలా ఉండగా చట్టం మార్చాలని కౌన్సిల్ తలపెట్టింది. స్థలానికి రెండు ఇళ్ళు కట్టుకోవచ్చు, స్టేషను దగ్గరైతే నాలుగంతస్తులు వేసుకోవచ్చు అని. దాంతో ఊరు రెండుగా చీలింది. నెలల తరబడి మీటింగులు. వచ్చినవాళ్ళు ఎవరైనా మాట్లాడొచ్చు, మనిషికి మూడు నిమిషాలు. ముందు పచ్చదీపం, తర్వాత పసుపుది, ఎర్రది వెలగగానే బావ మైకు ఆపేస్తాడు. డాక్టరైనా, చెత్తబండి తోలేవాడైనా మాట సగంలో ఉండగానే టక్కున ఆపుతాడు. అలా ఆపినందుకు బావని తిట్టనివాళ్ళు లేరు. ఆయన అందరికీ "సరే" అన్నాడు.

తెరలకి అంచులు కుట్టుకోవాల్సిన పని ఉంటే తీసుకెళ్ళి నేనూ వెనక వరుసలో కూర్చునేదాన్ని. కాలక్షేపానికి కొదవ లేదు. "నాలుగంతస్తులు కడితే పైనుంచి మా పెరట్లోకి చూస్తారు" అని ఒకావిడ వాపోయింది. "మీ పెరట్లో చూడ్డానికి ఏముందమ్మా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. పనిచేసే చోటుకి దగ్గర్లో గది దొరక్క బస్సులోనే సగం నిద్రపోతున్నానని ఒక నర్సు చెప్పింది. మా ఎదురింటి రిటైరైన బ్యాంకు మేనేజరు లేచి "మేం ఎవరికీ వ్యతిరేకం కాదు, కానీ" అన్నాడు. ఆ కానీ తర్వాత కాలవలు పొంగాయి, వీధిలో కార్లు పట్టలేదు, నీళ్ళు చాలలేదు, చెట్లు కూలిపోయాయి. మూడు నిమిషాల్లో కాలనీ మొత్తం మునిగిపోయింది. ఆయన చెప్పిన దాంట్లో నిజం లేదనను. మా వీధి కాలవ ఇప్పటికే పొంగుతుంది. నేను ఒక్కదాన్ని గిన్నె కడుక్కున్నందుకు పొంగిందంటేనే నాకు మండుతుంది.

ఆఖరి మీటింగుకి ముందు కౌన్సిల్ అధ్యక్షురాలు తేల్చి చెప్పేసింది. చట్టం మారితే పెరట్లో గదులన్నీ సక్రమమైపోతాయి. మారకపోతే ఇంటింటికీ తనిఖీ, దొంగ పొయ్యిలన్నీ తీయించేస్తారు, ఆ గదుల్లో మనుషులు ఉండడానికి వీల్లేదు. అంటే నేను ఉండాలా పోవాలా అన్నది అక్కడ కౌన్సిల్ సభ్యులు ఎత్తే చేతుల్లో ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క నాతో "మీ బావని అడుగు, ఏమవుతుందట?" అంది.

"మీ అక్కకి చెప్పు, తెలీదని" అన్నాడు బావ. తర్వాత చాలాసేపు కంచంలో వేలితో గీతలు గీశాడు. "నేను మాట్లాడనా?" అన్నాడు.

"ఎవరితో?" అన్నాను, నాకు నిజంగానే అర్థం కాక.

"మైకులో."

అక్క చేతిలో గరిట అలాగే ఆగింది. ఆయన వైపు చూడకుండా, నాతో "మాట్లాడమను" అంది.

మైకు చూసుకునేవాడు మాట్లాడకూడదని ఎక్కడా రాసి లేదట. అధ్యక్షురాలు "తప్పకుండా మాట్లాడండి" అంది. ఆయన వంతు వచ్చింది. ఇంకెవరికీ అప్పజెప్పలేదు, దీపాలు తనే సరిచేసుకుని, నడిచి వెళ్ళి స్టాండు దగ్గర నిలబడ్డాడు. అందరి ఎత్తుకీ దించీ పెంచీ చేసిన ఆ స్టాండుని మొదటిసారి తన ఎత్తుకి పెట్టుకున్నాడు. "ఒకటి, రెండు, మూడు" అన్నాడు అలవాటుగా. హాలంతా గొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు.

ప్రతి మీటింగులో మొదట ఒక ముక్క చదువుతారు, మాట్లాడేవాళ్ళు తమ చిరునామా, ఈ విషయంలో తమకున్న స్వలాభం ముందుగా చెప్పాలని. ఎవరూ పట్టించుకోరు. డాక్టరు చెప్పలేదు, మేనేజరు చెప్పలేదు, స్టేషను పక్కన స్థలం కొనిపెట్టుకున్న కాంట్రాక్టరైతే తనకి ఏ స్వలాభమూ లేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు. ఆ ముక్కని ఇన్నేళ్ళూ చెవిపెట్టి విన్నది ఊరు మొత్తం మీద మా బావ ఒక్కడే కాబోలు.

చిరునామా చెప్పాడు. ఆ తర్వాత స్వలాభం మొదలుపెట్టాడు. వెనక గది పొడవెంత, వెడల్పెంత, దేనికని అనుమతి తీసుకున్నాడు, అందులో ఎవరుంటున్నారు, నీళ్ళ గొట్టం ఎక్కణ్ణుంచి లాగాడు, పొయ్యి ఏ మూల పెట్టాడు. కరెంటు ఏ బోర్డు నుంచి తీసుకున్నాడో అది కూడా. నేను సూది గుడ్డలోనే వదిలేసి తల పట్టుకున్నాను. పసుపుదీపం వెలిగింది.

"ఇక నేను చెప్పదలుచుకున్నది ఏంటంటే" అన్నాడు. అని ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "మా మరదలు ఆ గదిలో లేకపోతే" అన్నాడు.

ఎర్రదీపం వెలిగింది. ఆగిపోయాడు.

"ఫర్వాలేదు, పూర్తి చేయండి" అంది అధ్యక్షురాలు. ఎదురింటి మేనేజరు కూడా లేచి నిలబడి "చెప్పనివ్వండి పాపం" అన్నాడు.

"టైమైపోయిందండి. అందరికీ ఒకటే కదా" అన్నాడు బావ. వెనక్కి నడిచి వెళ్ళి, మైకు ఆపేసి, తన కుర్చీలో కూర్చున్నాడు.

ఒక్క చెయ్యి తేడాతో చట్టం మార్పు ఓడిపోయింది. బావ మాట పూర్తయి ఉంటే ఆ ఒక్క చెయ్యీ ఇటు లేచేదేమోనని చాలామంది నాతో అన్నారు. లేచేది కాదు. ఆ చేతి తాలూకు పెద్దమనిషి అప్పటికే కునుకు తీస్తున్నాడు, పక్కాయన తడితే లేచి అటు ఎత్తాడు. నేను వెనకనుంచి చూస్తూనే ఉన్నాను.

బావా నేనూ నడిచి ఇంటికి బయల్దేరాం. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట బావా" అన్నాను.

"సరే" అన్నాడు.

"ఇంతకీ నేను లేకపోతే ఏంటట?"

మలుపు తిరిగాక చెప్పాడు. "నువ్వు లేకపోతే మీ అక్కకీ నాకూ మాటుండదు, అని."

"అది మైకులో చెప్తారా ఎవరైనా?"

"మరి ఎక్కడ చెప్పను?" అన్నాడు.

నాకు ఏడుపు రావాల్సింది. రాలేదు. ఆ ఇంట్లో ఉండి ఉండి నాకూ అదే జబ్బు పట్టుకున్నట్టుంది. "ఇంటికెళ్ళి అక్కకే చెప్పు" అన్నాను. "సరే" అన్నాడు. ఇంటికి వెళ్ళాక చెప్పులు విప్పి, టీవీ ముందు కూర్చున్నాడు.

తనిఖీ మా ఇంటితోనే మొదలైంది. మిగతా ఇళ్ళలో వెతుక్కోవాలి, మా దగ్గర ఆ అవసరం లేదు కదా. మీటింగు మాటలన్నీ రికార్డు చేసి ఆఫీసులో ఇచ్చేది కూడా బావే. తన ముక్క దగ్గర కొంచెం గరగర కలిపేయొచ్చు. కలపలేదు. వచ్చినతను బావకి బాగా తెలిసినవాడే, గుమ్మంలో నిలబడి మొహం పక్కకి తిప్పుకుంటూ "ఎందుకు చెప్పావన్నా అదంతా" అన్నాడు. బావ టార్చిలైటు పట్టుకున్నాడు, అతను గొట్టానికి మూత బిగించాడు, పొయ్యి ఊడదీశాడు. నేను తెరలు మడత పెట్టుకున్నాను. అక్క ఇద్దరికీ కాఫీ ఇచ్చింది. చూసేవాళ్ళకి ఏదో రిపేరు జరుగుతోందనిపిస్తుంది.

ఆఖరి బస్‌స్టాపు దాటాక, టైర్ల దుకాణం మీద నాకు గది దొరికింది. బల్ల పడుతుంది, మిషను పడుతుంది. సామాను ఎక్కించేటప్పుడు బావ మిషను తల ఊగకుండా నల్ల టేపు చుట్టాడు. అక్క గుమ్మం దగ్గరే నిలబడింది. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి అంటే బాగుండునని నేనూ అనుకున్నాను. వ్యాను కదిలింది.

వారం తిరక్కముందే ఒకరోజు చీకటి పడ్డాక అక్క ఫోన్ చేసింది. గది వేడిగా ఉంటోందా, తెరలు ఎవరైనా అడుగుతున్నారా అని అదీ ఇదీ అడిగింది. తర్వాత గొంతు తగ్గించి "మీ బావ బయట మెట్ల మీద కూర్చున్నాడు. కూర చల్లారిపోతోంది. లోపలికి రమ్మని ఒకసారి చెప్పవే" అంది.

"గుమ్మంలోంచి పిలవొచ్చు కదా అక్కా."

అటునుంచి గోడ గడియారం కొట్టుకోవడం వినిపించింది. "చెప్పవే" అంది మళ్ళీ.

పెట్టేసి బావకి చేశాను. "భోజనం పెట్టిందట బావా, లోపలికి వెళ్ళు" అన్నాను.

"సరే" అన్నాడు. ఫోన్ పెట్టేయలేదు. లేచిన చప్పుడు, తలుపు చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు వినిపించాయి. గిన్నె మీద గరిట తగిలింది.

"మీ అక్కకి చెప్పు, కూర్చున్నానని" అన్నాడు.

అక్కకి ఫోన్ చేశాను.