కాలు దించని తాత

ఆ రోజుల్లో మనుషులు ఎలా నిలబడతారో నాకు బాగా తెలుసని నమ్మేవాణ్ణి. ఫిజియోథెరపీ డిగ్రీ చేతిలో ఉంది మరి. చిత్తూరు వైపు నుంచి హోసూరు వచ్చి, ఒక కాలేజీలో మనుషుల నడక, కండరాల పని, నిలకడ కొలిచే ల్యాబ్‌లో చేరాను. ఉద్యోగం మూడు నెలల ఒప్పందం. మా మిల్లీమీటర్ సార్ (మనిషి నిలబడి ఊగడాన్ని మిల్లీమీటర్లలో తప్ప మాట్లాడడు కాబట్టి ఆ పేరు) ఒకరోజు పిలిచి, "గొర్రెలు కాసేవాళ్ళు ఒంటికాలి మీద గంటలకొద్దీ నిలుచుకుంటారు. అట్లాంటోళ్ళది ఒక్క మంచి రికార్డింగు తెచ్చినావా, నీ ఒప్పందం పొడిగిస్తా. లేదంటే సోమవారం నుంచి రాపన్లేదప్పా" అన్నాడు. ఇంటికి తిరిగి వెళ్ళి ఏ ముఖం పెట్టుకుని నిలబడాలో తెలియని వయసు నాది. పరుగున దగ్గర్లోని అత్తిముగం అనే ఊరి బస్సెక్కాను.

అక్కడ గట్టు మీద ఒక తాత కనిపించాడు. ఒక పాదం రెండో మోకాలికి ఆనించి, కర్ర మీద చెయ్యి వేసి గొర్రెలు కాస్తున్నాడు. నా దగ్గర నడుముకు కట్టే బెల్టులు రెండున్నాయి. ఒక్కోదానిలో అగ్గిపెట్టెంత యంత్రం, మనిషి ఎంత ఊగితే దాని చిన్న తెర మీద గీత అంత ఊగుతుంది. సంగతి చెప్తే తాత నవ్వాడు. "నిలుచుకునేదానికి పరీక్ష ఏందప్పా?" ఎలాగో చూపిద్దామని ఒక బెల్టు నేను కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒంటికాలి మీద నిలబడ్డాను. ఏడు సెకన్లు. (డిగ్రీ చదివిన కాలు అది.) తాత జాలిగా చూసి రెండో బెల్టు కట్టించుకున్నాడు. కర్ర ఉండకూడదంటే, "అయితే నువ్వే పట్టుకో, నీకే అవసరం" అని నా చేతికిచ్చాడు.

"ఏమైనా కానీ, నేను చెప్పేదాకా కళ్ళు తెరవొద్దు, కాలు దించొద్దు తాతా" అని గట్టిగా చెప్పాను. ఆయన నిలబడ్డాడు. ఒక నిమిషం, రెండు, ఐదు. గీత కదలదు. నిద్రపోయాడేమోనని నాకు భయం పట్టుకుంది. ఇంతలో కళ్ళు మూసుకునే, "గొర్రెలు అనపచేలో పడినాయి చూడప్పా" అన్నాడు. చూస్తే నిజమే, గట్టు కింద అనప చిక్కుళ్ళ పైరు మేస్తున్నాయి! "నీకెట్లా తెలిసె తాతా?" "గంట యాడ మోగుతా ఉండాదో వినబడలే? నేను కాలిని కాయడంలేదప్పా, గొర్రెల్ని కాస్తా ఉండా. కాలు దాని పాటికి అది నిలుచుకోనుంటుంది." "అయితే పోయి తోలుకో!" "దించొద్దంటివే? నువ్వే పో."

పోయాను. చేతిలో కర్ర, నడుముకు బెల్టు, నోట్లో హోయ్ హోయ్. గట్టు దిగేచోట డ్రిప్ పైపు కాలికి తగిలింది, కర్ర రెండు కాళ్ళ మధ్య దూరింది, నేను మొహం కింద పెట్టి బురదలో పడ్డాను. గంట కట్టిన పొట్టేలు నమలడం ఆపి నావైపు చూసి, తనంతట తానే మందను తీసుకుని బయటికి నడిచింది. మోకాలు కొట్టుకుపోయి కుంటుకుంటూ తిరిగొస్తే తాత ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు.

"ఇంగ దించొచ్చునా అప్పా?"

సోమవారం మిల్లీమీటర్ సార్ రెండు గీతలూ చూశాడు. ముందు తాతది చూసి, "ఈ బెల్టు బండ మీద పెట్టి మరిచిపోయినావా? మనిషి ఇంత కదలకుండా ఉండడు" అని కొట్టేశాడు. తరవాత నాది చూసి కుర్చీలోంచి లేచాడు. "పెద్దాయన గొర్రెల ఎనక పరిగెత్తి పడినట్టుండాడే! నిజంగా పడేది మన ల్యాబ్‌లో ఎవరికీ దొరకలేదప్పా! పాపం, దెబ్బలు తగిలినాయా?" పడింది నేనని చెబుదామని నోరు తెరిచాను. ఒప్పందం కాగితం ఆయన బల్ల మీదే ఉంది. "కొంచెం... మోకాలు సార్" అన్నాను. పొడిగించాడు. సిగ్గుగానే ఉండింది, కానీ సంతకం మాత్రం వెంటనే పెట్టాను.

నేనిప్పుడు ఆ కాలేజీలోనే పాఠం చెప్తున్నాను. ఆ గీత ఏటేటా తెర మీదికి వస్తుంది, కింద 'వృద్ధ గొర్రెల కాపరి పడిపోవడం' అని ఉంటుంది. పిల్లలు అయ్యో అంటారు, నేనూ తల ఊపుతాను. అంత బాగా నిలబడ్డ మనిషిని ఇన్నేళ్ళు అలా పడేస్తూనే ఉన్నాను. ఈ ఏడాది ముందు బెంచీ అమ్మాయి, "ఆ తాతకి తరవాత ఏమైంది సార్?" అని అడిగింది. ఇక ఆగలేక, "ఆ పడిన తాత నేనేనమ్మా" అన్నాను. మొత్తం చెప్పేశాను.

నవ్వులు ఆగాక, "అయితే ఇప్పుడు నిలుచుకోండి సార్" అని పట్టుబట్టారు. నలభైకి దగ్గరపడ్డాను, ప్యాంటు తొడుక్కోవాలంటే గోడ పట్టుకుంటున్నాను. అయినా బల్ల వదిలి, కాలెత్తి, కళ్ళు మూసుకున్నాను. బయట రోడ్డు మీద పీచుమిఠాయి బండి గంట వినిపిస్తోంది. అది బస్టాండు వైపు పోతుందా, ఇటే వస్తుందా అని వింటూ ఉండిపోయాను.

తొమ్మిది సెకన్లు. అప్పటికంటే రెండు ఎక్కువ.