ఎర్ర బకెట్టులో వేడి ఇసుక

నిప్పు కాపలా అంటే రోజంతా ఏమీ జరగకపోతే మనం బాగా పనిచేసినట్టు. అంత సుఖమైన ఉద్యోగం నాకు మళ్ళీ దొరకలేదు.

ఎనభైల మొదట్లో, చిత్తూరు శివార్లలో ఓ వేరుశనగ నూనె మిల్లు. ఖాకీ చొక్కా, విజిలు, గోడలకు వేలాడే ఎర్ర ఇసుక బకెట్లు నా సరంజామా. మూడు నెలలు టెంపరరీ. తనిఖీకొచ్చే ఫైరాఫీసరు బాగుందంటే పర్మనెంటు, లేదంటే ఇంటికేనని మేనేజరు ముందే చెప్పేశాడు. ఇల్లంటే మామగారిల్లు. ఏడాదిగా ఇల్లరికపు తిండి తింటున్నవాణ్ణి, ఈ ఉద్యోగమూ పోతే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆ బకెట్లకు అడుగు గుండ్రంగా ఉంటుంది. ఇంటికి పట్టుకుపోయినా నేలమీద నిలబడవు కాబట్టి ఎవరూ దొంగిలించరట. చేసినవాడికి మనవాళ్ళ సంగతి సగమే తెలుసు. హమాలీలు వాటిని దొంగిలించలేదు, తాంబూలం ఉమ్మడానికి వాడుకున్నారు. మిల్లు ఊడ్చే అక్క మాత్రం గోదాము వాకిలి దగ్గరి బకెట్టులో ఎవరినీ ఉమ్మనిచ్చేది కాదు. రోజూ మధ్యాహ్నం ఆ ఇసుకను గేటు బయట పొయ్యిమీద మూకుట్లో పోసి, వేరుశనక్కాయలు వేయించి, జల్లించి, మళ్ళీ బకెట్టు నింపేసేది. కాపలా మనిషిగా నేను వద్దనాలి. రెండు దోసిళ్ళు తినేవాణ్ణి.

ఓ మధ్యాహ్నం ఆఫీసరు చెప్పాపెట్టకుండా వచ్చాడు. అప్పుడే గోదాము పైకప్పుకు వెల్డింగు జరుగుతోంది. కింద నిలబడి నిప్పురవ్వలు ఎక్కడ పడుతున్నాయో కనిపెట్టుకుని ఉండటం నా డ్యూటీ. నేనేమో చేతులు కట్టుకుని ఆఫీసరు వెనక తిరుగుతున్నాను. ఇసుక పొడిగా ఉందో లేదో చూద్దామని ఆయన వాకిలి దగ్గరి బకెట్టులో చెయ్యి పెట్టి కెవ్వుమన్నాడు.

"ఎవరి పనిది?"

నా వేలు అక్కవైపు లేచింది.

"ఏయించింది నేనే సామీ," అంది అక్క తొణక్కుండా. "తినింది ఈయప్ప."

నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో పైనుంచి వెల్డరు, "పొగొస్తా ఉండాదబ్బా!" అని అరిచాడు. రవ్వ పడి గోనెసంచుల కట్ట అంటుకుంది. పరుగెత్తి, చేతికందిన బకెట్టు తీసి గుమ్మరించాను. తాంబూలంతో బిగుసుకుపోయిన ఇసుక ఒకే ముద్దగా ఊడి పక్కన పడింది. మంట లేస్తోంది. అక్క తన బకెట్టు తెచ్చి నా చేతికిచ్చింది. ఆ ఇసుక జలజలా జారి మంటను కప్పేసింది.

ఆఫీసరు వేళ్ళు ఊదుకుంటూనే రిపోర్టు రాశాడు. కాపలా మనిషి చురుకైనవాడు, గేటు దగ్గరి పొయ్యి వెంటనే తీసేయాలి. ఆ ఇసుకను అంత పొడిగా ఉంచింది అక్కేనని నేను చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆ పొయ్యిలో నీళ్ళు పోసింది నేనే. పర్మనెంటు ఉద్యోగిగా అదే నా మొదటి పని. అక్క తిట్టలేదు. చివరి వాయి వేరుశనక్కాయలు తెచ్చి నా ఖాకీ జేబులో పోసి, చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. సిగ్గేసింది. అయినా తిన్నాను.