మా సరుకు వెనక్కి రాదు

పోర్ట్‌బ్లెయిర్ అబర్డీన్ బజార్‌లో బేబీరాణి బొమ్మల కొట్టుకి ఒక బోర్డుంది. "మా సరుకు వెనక్కి రాదు" అని ఎర్ర అక్షరాలతో రాయించింది. అంత మేలైన సరుకని ఆమె ఉద్దేశం. వెనక్కి తెచ్చినవాళ్లని ఆమె చూసే చూపుకి జడిసి ఎవరూ తేరని బజారు ఉద్దేశం. ఇరవై ఏళ్లుగా ఈ రెండు ఉద్దేశాలూ ఆ బోర్డు కింద హాయిగా కాపురం చేస్తున్నాయి.

బేబీరాణికి మనుషులంటే పెద్ద గౌరవం లేదు. బేరమాడేవాళ్లు దరిద్రులు, ఆడనివాళ్లు బుద్ధిలేనివాళ్లు. వీళ్లందరికంటే అడుగున ఎదురుకొట్టు యువరాజ్ ఉన్నాడు. ఆమె దగ్గరే రెండేళ్లు పనిచేసి, సరుకు ఎక్కడ దొరుకుతుందో నేర్చుకుని, సరిగ్గా ఆమె గుమ్మానికి ఎదురుగా కొట్టు తెరిచాడు. అది చాలదన్నట్టు బంటీ అమ్ముతాడు. అతని పేరెత్తితే చాలు, ఆమె పెదవి ఒక పక్కకి విరిగేది.

బంటీ అంటే చేత్తో పట్టుకుని ఆడుకునే వీడియో గేమ్. చిన్న ప్లాస్టిక్ డబ్బా, నాలుగు బొత్తాలు, లోపల కుక్కిన పాతకాలం ఆటలు. బేబీరాణి అమ్మేది లూమో. పెద్ద తెర, నెట్‌లోంచి దించుకునే కొత్త ఆటలు, అట్టపెట్టె విప్పితేనే గొప్పింటి వాసన. ఈ రెంటి మధ్య పోటీ ఏడాదంతా కునికిపాట్లు పడి, వేసవిలో వైజాగ్ ఓడ వచ్చే వారం ఒళ్లు విరుచుకుని లేస్తుంది. సెలవులకి ఊరెళ్లే తెలుగు కుటుంబాలన్నీ ఆ ఓడే ఎక్కుతాయి. మూడు రోజులు నీళ్లు తప్ప ఏమీ కనబడవు, ఫోన్లకి సిగ్నల్ ఉండదు. పిల్లల నోరు మూయించడానికి ఏదో ఒకటి కొనక తప్పదు. ఎవరి డబ్బాలు ఎక్కువ ఓడెక్కితే ఆ ఏడాది గెలుపు వాళ్లదే.

ఆ వారమే వండూర్ నుంచి తాతమ్మ అనే ఆమె వచ్చింది. చేపలమ్మే మనిషి. మనవరాలి కోసం గేమ్ కొనాలని బస్సెక్కి వచ్చింది.

"ఎదర కొట్లో బంటీ సూసొచ్చాను. అది మంచిదేనేటమ్మా?" అని అడిగింది.

బేబీరాణి పెదవి విరిగింది. "అదా అత్తా? సబ్బుపెట్టి. పట్టుకెళ్లి సబ్బెట్టుకో, పనికొస్తాది. గేమ్ కావాలంటే ఇదిగో, లూమో."

కొట్లో ఉన్నవాళ్లందరూ నవ్వారు. తాతమ్మ మొహం చిన్నబోయింది. "ఓడలో ఆడతాదా మరి?"

"నాను సెప్తన్నాను కదా. పక్కా ఆడతాది."

తాతమ్మ లూమో కొనుక్కుని వెళ్లింది. ఆమెని నవ్వులపాలు చేసినందుకు బేబీరాణికి ఇసుమంతైనా బాధ కలగలేదు.

నిజానికి లూమో కొన్న ప్రతివాళ్ల పేరు మీదా నెట్‌లో ఒక ఖాతా తెరిచి, ఆ తర్వాతే ఆటలు దించాలి. బేబీరాణికి అంత ఓపికెక్కడిది? సముద్రం అడుగున కేబుల్ పడకముందు ద్వీపాల్లో నెట్ నత్తనడక నడిచేది. ఎవరో ఒకరు పట్టుబట్టి కూర్చుని ఒక సినిమా దించితే, పెన్‌డ్రైవ్‌లో పేటంతా పంచుకునేవారు. ఒకరు దించింది అందరిదీ. నెట్ బాగుపడినా ఆ అలవాటు పోలేదు. అందుకే ఆమె తన ఖాతా ఒక్కటే పెట్టి కొట్లో ఉన్న లూమోలన్నింటిలోకీ ఆటలు ఎక్కించేసింది. ప్రతి తెర మీదా ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక వచ్చింది. కంపెనీలకి పనీపాటా లేదని తిట్టుకుంటూ అన్నింటికీ సరే అని నొక్కింది. కొట్లో వైఫై ఉంది కాబట్టి అన్నీ చక్కగా ఆడాయి.

చెల్లెలి కూతురి పెళ్లికని ఆమె కూడా అదే ఓడెక్కింది. కేబిన్ టికెట్టు దొరకలేదు. బంకు క్లాసులో ఒకదాని మీద ఒకటి ఇనప మంచాలు, డీజిలూ ఫినాయిలూ కలిసిన వాసన, చుట్టూ తన కొట్లో సరుకు కొన్న జనం. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నాలుగు మంచాల అవతల యువరాజ్ అట్టపెట్టె నిండా బంటీలు తెచ్చి, రైల్లో పల్లీలు అమ్మినట్టు అమ్ముకుంటున్నాడు.

"ఛీ, అదీ ఒక బతుకే" అంది అందరికీ వినబడేలా.

తీరం కనుమరుగై ఫోన్లు మూగబోయిన కాసేపటికి మొదటి లూమో ఆమె దగ్గరికి వచ్చింది. ఆటలు తెరుచుకోవడం లేదట. నీ పిల్లలు ఏం నొక్కేశారో అని కసిరింది. రెండోది వస్తే ఉప్పుగాలి మీదకి తోసింది. ఆ తర్వాత ఒకేసారి నలుగురు వచ్చి నిలబడ్డారు. వాళ్లలో బ్రూక్షాబాద్ కాంట్రాక్టర్ మోహన్‌కృష్ణ తెర మీది ఇంగ్లీషు చదివాడు.

"ఈ ఖాతా వేరే లూమోలో వాడుతున్నారంట. నెట్‌కి కలిపితేనే ఇందులో తెరుచుకుంటాదంట. పేరు... బేబీరాణి అని ఉంది, దీదీ."

పక్కవాడి తెర మీదా బేబీరాణే. ఆ పక్కదాని మీదా బేబీరాణే. ఆమె సంచిలోంచి తన లూమో తీసింది. ఖాతా మొట్టమొదట పెట్టింది అందులోనే. మీట నొక్కగానే అది పాట పాడుతూ తెరుచుకుంది.

"మావన్నీ సచ్చిపోయి నీదొక్కటే బతికుందేటి దీదీ?" అన్నాడు ఒకతను.

వాళ్లు అరిచి ఉంటే ఆమె కూడా అరిచేది, ఆ విద్యలో ఆమెకి తిరుగులేదు. ఎవరూ అరవలేదు. ఒక్కొక్కరే వచ్చి లూమోని ఆమె మంచం మీద పెట్టి, పెదవి విరిచి వెళ్లారు. ఆ విరుపు అచ్చం ఆమెదే. మంచం నిండిపోయి కూర్చోవడానికి చోటు లేక లేచి నిలబడింది. ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. వైజాగ్‌లో సిగ్నల్ అందగానే వీళ్లందరూ పోర్ట్‌బ్లెయిర్‌కి ఫోన్లు చేస్తారు. తను తిరిగి వెళ్లేసరికి ఆ బోర్డు చూసి బజారంతా నవ్వుతుంది. ఇరవై ఏళ్ల మాట ఈ తుప్పు మంచాల మధ్య పోతుంది.

అలా పోనివ్వకూడదనుకుంది. వెనక్కి తీసుకుంటేనే కదా వెనక్కి వచ్చినట్టు? బదులు ఇంకోటి ఇస్తే అది మార్పిడి. యువరాజ్ దగ్గరికి నడిచింది.

"ఎన్నున్నాయి?"

"ఏవి దీదీ?"

"అవే."

"అవే అంటే?"

"బంటీలు" అంది. ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు.

యువరాజ్ నవ్వలేదు. అట్టపెట్టె మొత్తం ఆమె వైపు తోసి, "తీసుకో దీదీ, నీ కొట్లోనే కదా నేర్చుకున్నాను" అన్నాడు. అతను నవ్వి ఉంటేనే నయం, కనీసం తిట్టుకోవడానికి వీలుండేది.

బేబీరాణి పెట్టె చంకన పెట్టుకుని మంచం మంచానికీ తిరిగింది. "వెనక్కి తీస్కోడం కాదు, మార్చి ఇస్తన్నాను" అని ప్రతి మంచం దగ్గరా చెప్పింది. పిల్లలకి ఆ తేడాతో పనిలేదు, బంటీలు అందుకుని బొత్తాలు టకటకలాడించడం మొదలెట్టారు. ఆ వేసవిలో అందరికంటే ఎక్కువ బంటీలు చలామణీ చేసింది బేబీరాణే.

ఆఖరికి మిగిలింది తాతమ్మ. ఆమె లూమో వెనక్కి తేలేదు, తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బేబీరాణి తనే వెళ్లి బంటీ చాపింది. తాతమ్మ దాన్ని అందుకుని, మొప్పలెత్తి చేపని చూసినట్టు, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మంచిదేనేటమ్మా?"

వరసలో వాళ్లందరూ ఇటు తిరిగారు. యువరాజ్ కూడా మెడ చాచి చూస్తున్నాడు.

"మంచిదే అత్తా."

"ఓడలో ఆడతాదా?"

"ఆడతాది."

తాతమ్మ తల ఊపి, బంటీని మనవరాలి చేతిలో పెట్టింది. తర్వాత ఒళ్లో ఉన్న లూమోని తువ్వాల్లోంచి తీసి బేబీరాణి చేతికిచ్చింది.

"అలగైతే అమ్మా, ఇందులో సబ్బెక్కడెట్టుకుంతారో సూపించు."