వెనక బరువు

కామరాజుగారి బుల్లెట్టు మీద వెనక సీటు ఖాళీగా ఉండగా మా స్టీల్ ప్లాంటులో చూసినవాడు లేడు. మనిషి దొరికితే మనిషి, దొరక్కపోతే పొత్రం.

పొత్రమంటే మరేదో అనుకోకండి. రుబ్బురోట్లో తిరిగే రాయే. ఏడు కిలోలుండేది. దాన్ని గోనెసంచిలో చుట్టి, సైకిల్ ట్యూబుతో సీటుకి బిగించి డ్యూటీకి వచ్చేసేవారు. అక్కడ ఉక్కునగరం క్వార్టర్లో వాళ్లావిడ కాంతంగారు మినప్పప్పు నానబోసుకుని గుమ్మంలో నిలబడి ఉండేవారు.

"అందరి మొగుళ్లూ డ్యూటీకి క్యారేజీ పట్టుకెళ్తారు, మా ఆయన పొత్రం పట్టుకెళ్తారు," అనేవారావిడ కనిపించినవాళ్లందరితోనూ. "సాయంత్రం దాకా నేను రోలు మొహం చూస్తూ కూచోవాలి."

కామరాజుగారు మా ప్లాంటులో క్రేన్ల ఫోర్‌మన్. భీమవరం పక్క నుంచి వచ్చిన మనిషి. ఎనభయ్యేడు కిలోల విగ్రహం, మీసాలు అదనం. ఆయన సిద్ధాంతం ఏమిటంటే, వెనక బరువు లేకపోతే బండి నడవదని.

"క్రేనుకి వెనకాల కౌంటర్ వెయిట్ లేకపోతే ఏవవుద్దయ్యా సత్యం?"

"బోర్లా పడుతుందండి."

"మరి బండీ అంతే కదా! బరువంతా ముందు ఇంజన్లో ఉంది. వెనక చక్రం రోడ్డుని పట్టుకోవాలా వద్దా? ఇది టెక్నికల్ పాయింటు."

"మధ్యలో మీరున్నారు కదండీ, ఎనభయ్యేడు కిలోలు?"

"నువ్వు స్టోర్సు వాడివి. నీకు మెషినరీ ఎందుకు? నట్లూ బోల్టులూ లెక్కపెట్టుకో."

నేను తొంభై ఒకటిలో ఉద్యోగంలో చేరి, వాళ్ల పక్క బ్లాకులో దిగాను. మర్నాడు పొద్దున్నే నా గుమ్మం ముందు బుల్లెట్టు ఆగింది. నన్ను కిందనుంచి పైకి, మళ్లీ పైనుంచి కిందకి చూసి, "ఎంతుంటావయ్యా?" అన్నారు.

"నలభై తొమ్మిదండి."

"చాలదే!" అని కాసేపు విచారించి, పొత్రం తెచ్చి నా ఒళ్లో పెట్టారు. "ఇప్పుడు యాభై ఆరు. ఎక్కు."

అలా మొదలైంది నా ఉద్యోగ జీవితం. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు రోజూ సంచి విప్పించేవారు. లోపలికెళ్లేటప్పుడు పర్వాలేదు. బయటికొచ్చేటప్పుడే చిక్కు. ప్లాంటులోంచి ఏడు కిలోల గుండ్రటి వస్తువు గోనెసంచిలో పట్టుకెళ్తుంటే ఎవడు ఊరుకుంటాడు? చివరికి నేనే స్టోర్సు తరఫున దానికో గేట్ పాసు రాసిపెట్టాను. "వస్తువు: పొత్రం. సంఖ్య: ఒకటి. సొంతం. ప్లాంటు తయారీ కాదు." ఆ పాసు ఏటేటా రెన్యువల్ చేయించుకున్నారాయన.

నా పెళ్లిచూపుల సంగతి చెప్పకూడదనుకున్నాను గానీ, మా ఆవిడ శ్రీవల్లి ఎలాగూ చెప్పేస్తుంది. వాళ్లది ఆనందపురం. అమ్మానాన్నా బస్సులో నేరుగా అక్కడికి వచ్చేశారు. నన్ను మాత్రం, "నేను దింపుతానుగా," అని కామరాజుగారు బుల్లెట్టు ఎక్కించారు. ఒళ్లో పొత్రం ఉండనే ఉంది. తీరా ఇల్లు చేరాక, దాన్ని అరుగు మీద పెట్టబోతే ఆయన ఒప్పుకోలేదు.

"ఎవడైనా పట్టుకుపోతే? కాంతం నన్ను ఇంట్లోకి రానిస్తుందా? నీ దగ్గరే ఉంచుకో."

అందుచేత కొత్త చొక్కా మీద గోనెపీచుతో, చేతుల్లో పొత్రంతో నేను హాల్లోకి నడిచాను. కుర్చీలో కూచుని దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. పెళ్లికూతురు కాఫీ తెచ్చింది. అందుకోవడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు. గ్లాసు బల్ల మీద పెట్టి తలుపు చాటుకి వెళ్లిపోయింది. పెళ్లికూతురి నాయనమ్మ సూర్యకాంతమ్మగారు కళ్లజోడు సర్దుకుని, "ఏటి నాయినా అది?" అన్నారు.

"పొత్రమండి."

"మనింట్లో రోలుందిలే," అన్నారావిడ తాపీగా. "సరిపోద్ది."

తలుపు చాటున ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్విన పిల్లే ఇప్పుడు నేను మందు బిళ్లలు వేసుకున్నానో లేదో చూస్తోంది.

ఇలా పన్నెండేళ్లు గడిచాయి. నేను లావెక్కాను. కాంతంగారు కరెంటు గ్రైండరు కొనుక్కుని రోలుని పెరట్లోకి నెట్టేశారు. పొత్రం కామరాజుగారికి పూర్తిగా దఖలు పడింది. ఆయనకి యాభై ఏడు వచ్చాయి. మోకాళ్లకి మాత్రం ఇంకా ఎక్కువే వచ్చినట్టుంది.

మొదట బుల్లెట్టు స్టాండు ఎక్కడం మానేసింది. అంటే, ఆయన ఎక్కించలేకపోతున్నారు. ఆ మాట మాత్రం ఒప్పుకునేవారు కాదు. దాని పక్కన నిలబడి, ఎవరైనా కండపుష్టి గలవాడు వచ్చేదాకా రోడ్డు మీది బోర్డులన్నీ చదివేవారు. వాడు రాగానే, "బాబూ, ఈ స్టాండు పట్టేసినట్టుంది, ఒకసారి చూడు," అనేవారు. వాడు ఒక్క ఊపులో ఎక్కించేస్తే, "ఆఁ, వదిలింది," అనేవారు.

తర్వాత బండి పడడం మొదలైంది. గాజువాక జంక్షన్లో ఒకసారి. బీచి రోడ్డులో ఒకసారి, అదీ పిడత కింద పప్పు బండి పక్కన. నలుగురు పట్టి లేపితే గానీ లేవలేదు.

"గురువుగారూ, బండి పడిందటగా?"

"పడలేదయ్యా. కాసేపు పడుకుంది."

మూడోసారి పడుకున్నప్పుడు ఆయన పిక్క మీదే పడుకుంది. సైలెన్సరు వాత పెట్టింది. ఆస్పత్రిలో డాక్టరు మోకాలి ఫొటో వెలుగుకి పట్టి చూసి, "బండైనా మార్చండి, మోకాలైనా మార్చండి," అని తేల్చేశాడు. కాంతంగారు అక్కడే కొంగు బిగించారు. "ఆ నూటడెబ్భై కిలోల దున్నపోతు ఇంట్లో ఉంటే నేనుండను."

ఆయన వారం రోజులు బుల్లెట్టుని తుడుస్తూనే గడిపారు. మేమంతా బుల్లెట్టు మీద మోజు అనుకున్నాం, హోదా అనుకున్నాం, వెనకాల నవ్వుకున్నాం కూడా. వయసొచ్చినవాళ్లు చాలామంది అప్పటికే చిన్న బండ్లకి దిగిపోయారు. రోలింగ్ మిల్లు కృష్ణంరాజుగారైతే ఏకంగా మోపెడ్ కొనుక్కుని హాయిగా కూరలు తెచ్చుకుంటున్నారు. ఈయనకేం వచ్చింది?

ఆఖరికి షోరూముకి నేనే తీసుకెళ్లాను. వంద సీసీ బండి. ఎర్ర రంగు. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక్క చేత్తో వెనక భాగం పైకెత్తారు. లేచిపోయింది. ఆయన మొహం పడిపోయింది.

"ఏవయ్యా సత్యం, దీని మీద నేనెక్కాలా, ఇది నా మీద ఎక్కాలా?"

"తేలిగ్గా ఉంది కదండీ, అదే సుఖం."

"అదేనయ్యా బాధ," అన్నారు. "ఇంత తేలిక బండికి వెనక బరువు కావాలంటే ఎవరు నమ్ముతారు?"

నాకు అర్థం కాలేదు. ఆదివారం నాడు అర్థమైంది.

ఆదివారమైతే ఆయన కొండ అవతల సముద్రం ఒడ్డునున్న యారాడ వెళ్లి, పడవల దగ్గరే చేపలు కొనుక్కొచ్చేవారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ నన్ను పిలవలేదు. ఆ వారం మాత్రం, "తోడు రావయ్యా," అన్నారు. కొత్త ఎర్రబండి మీద నేను వెనక కూచున్నాను. ఒళ్లో పొత్రం. సింధియా జంక్షన్ దాటి కొండ మొదట్లో బండి ఆపేశారు. చెమట తుడుచుకున్నారు.

"యారాడలో పోతమ్మని ఉందయ్యా. చేపల బుట్ట నెత్తినెట్టుకుని ఈ కొండెక్కి దిగి మల్కాపురం బజారుకెళ్లి అమ్ముకుంటుంది. ఒక కాలు కుంటి. నేను కొత్తగా వచ్చినప్పుడు చూశాను. బస్సులో బుట్ట ఎక్కనివ్వరు. బండెక్కమ్మా అంటే, ఊరికినే ఎవరి బండీ ఎక్కనంది. కసిరింది కూడా. పైవారం వెళ్లి, 'అమ్మా, వెనక బరువు లేకపోతే ఈ బండి కొండెక్కదు, కాస్త సాయం చెయ్యి' అన్నాను. సాయమంటే ఎక్కింది."

"అందుకా?" అన్నాను. "మరి పొత్రం?"

"వాళ్లల్లుడు కోటి మన ప్లాంటులోనే కాంట్రాక్టు పనిలో ఉన్నాడుగా. నేను ఖాళీ సీటుతో తిరగడం చూస్తే వెళ్లి అత్తకి చెప్పడూ? ఒకళ్లకి చెబితే అబద్ధమయ్యా. అందరికీ చెబితే టెక్నికల్ పాయింటు."

"మరి నా పెళ్లిచూపులు? ఆనందపురంలో కోటి ఎందుకుంటాడండీ?"

"ఏదైనా పని మీద రావచ్చుగా!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మాత్రం కొండకేసి చూస్తున్నారు. "ఆవిడకిప్పుడు అరవై దాటాయి. ఆ కాలుతో ఇంక నడవలేదు. ఈ పీల బండి చూసి, దీనికి బరువెందుకు అంటే నేనేం చెప్పను? అందుకే ఇన్నాళ్లూ ఆ బుల్లెట్టుని పట్టుకు వేలాడాను."

దారిపొడుగునా కొత్త సిద్ధాంతం వల్లె వేసుకుంటూ వచ్చారు. చిన్న బండి తేలిక, సముద్రపు గాలికి ఎగిరిపోతుంది, కనక ఇదివరకటి కంటే ఎక్కువ బరువు కావాలి. పొత్రం తెచ్చింది సాక్ష్యానికట.

పోతమ్మ ఇసక దాటి రోడ్డు పక్కన బుట్టతో కూచుని ఉంది. బుట్ట నిండా కానాగంత చేపలు. ఎర్రబండిని చూసి నోటిమీద చెయ్యేసుకుంది.

"ఏటి బాబూ, బండి ఇలగ సిక్కిపోనాదేటి? జొరమొచ్చిందేటి?"

"కొత్త బండి పోతమ్మా. అయితే చూడు, ఇది మరీ తేలిక. గాలికి…"

"ఆ రాయేటి?" అంది నా ఒళ్లోకి చూస్తూ.

"బరువుకి. వెనక బరువు లేకపోతే…"

పోతమ్మ నవ్వింది. కూచున్నచోటే ఊగిపోతూ నవ్వింది. "ఇంక సాల్లే బాబూ! ఇన్నేళ్లనుంచి సూత్తన్నాను. ఆదోరం ఆదోరం నువ్వు కొండ దిగి వొచ్చినప్పుడు ఎనకాల మనిసుందా, రాయుందా? కాళీయే కదా! వొచ్చినప్పుడు అక్కర్నేని బరువు, ఎల్లినప్పుడు కావాలేటి?"

కామరాజుగారు నా వైపు చూశారు. నేను సముద్రం వైపు చూశాను. క్రేన్ల ఫోర్‌మన్‌కీ తట్టలేదు, స్టోర్సు వాడికీ తట్టలేదు. మొదట్లో ఆదివారాలు గారెలకని కాంతంగారు పొత్రం ఇచ్చేవారు కాదు మరి, గ్రైండరొచ్చాక కూడా ఆ అలవాటే మిగిలిపోయింది.

"మరి తెలిసీ ఎందుకెక్కావు?" అన్నారాయన నీరసంగా.

పోతమ్మ గొంతు తగ్గించింది, నేను వినకూడదన్నట్టు. "నీకు బయిం కదా బాబూ. కొండ మలుపులు కాడ వొంటరిగా ఎల్లాలంటే బయిం. ఒచ్చీసరికి మొకమంతా సెమటలు. అంత మీసమెట్టుకుని బయమేత్తందని ఎలగ సెప్తావు, బరువని సెప్పినావు. పోనీలే, మగోడి పరువు, మనమేటి అరిగిపోతామా అని ఎక్కినాను. మా ఊరోళ్లకి కూడా సెప్పీసినాను, బాబుని ఎవులూ నవ్వొద్దని."

నేను పొత్రాన్ని గట్టిగా పట్టుకుని, పెదాలు కొరుక్కున్నాను. పడిపోయిన బండిని కూడా పడుకుందన్న మనిషి ఈయన. మీసం ఒకసారి లేచింది. నోరు తెరిచారు. బుట్ట వైపు, ఆవిడ కాలి వైపు చూశారు. నోరు మూసుకున్నారు. మళ్లీ తెరిచారు.

"అవును పోతమ్మా," అన్నారు. "భయమే."

"మరి? నాకు తెల్దేటి!"

"బుల్లెట్టు మీద కొంచెం నయం. ఈ చిన్న బండి మీదైతే ఇంకా భయం."

"నానున్నాను కదేటి బాబూ," అని పోతమ్మ లేచి, చీర కుచ్చెళ్లు పైకి దోపి, "ఓ సిన్నబాబూ, నువ్వు దిగు," అంది నాతో.

దిగాను. ఎర్రబండి మీద ముందు ఆయన, వెనక ఆవిడ, ఆవిడ ఒళ్లో బుట్ట. మలుపు దగ్గర ఆవిడ ఆయన భుజం తట్టడం కూడా కనిపించింది, భయపడకు అన్నట్టు.

నేను మిగిలాను, పొత్రంతో. బస్సు ఇప్పట్లో లేదన్నారు. నడవడం మొదలుపెట్టాను. కొండ మొదట్లోనే ఊపిరి ఆడడం మానేసింది. వెనకనుంచి ఒక పాత మోపెడ్ వచ్చి ఆగింది. దాని మీద వలల మూట, ఆ మూట పక్కన దాలయ్య. కామరాజుగారికి చేపలమ్మే పడవ ఇతనిదేనని ఇందాకే పరిచయం చేశారు.

"ఎక్కండి బాబూ."

"వద్దులే దాలయ్యా. వలలున్నాయి, పొత్రముంది, నేను డెబ్భై నాలుగు కిలోలు. ఎలా లాగుతుంది?"

"అలగంటారేటి?" అన్నాడు దాలయ్య ఎంతో గంభీరంగా. "ఎనకాల బరువు నేకపోతే ఈ బండి కొండెక్కదు."

"ఎవరు చెప్పారు నీకు?"

"మా ఊరంతా ఇలగే అంటాం బాబూ. ఎవులినైనా ఎక్కించుకోవాలంటే."

ఎక్కాను. ఒళ్లో పొత్రం పెట్టుకున్నాను. రెండో మలుపు దాకా మోపెడ్ మూలుగుతూ వెళ్లి ఆగిపోయింది. దాలయ్య దిగి, నడుం వంచి, చెమటలు కక్కుతూ తోయడం మొదలుపెట్టాడు. నేను సిగ్గుపడి దిగబోయాను.

"దిగకండి బాబూ, కూకోండి," అన్నాడు రొప్పుతూ. "బరువు తగ్గిపోద్ది."